మెడ మీద నలుపు

కుందేలు అరుస్తుందని చాలామందికి తెలియదు. బతికున్నన్నాళ్లూ దాని గొంతు ఎవరికీ వినిపించదు. దెబ్బ సరిగ్గా తగలకపోతే మాత్రం పసిపిల్ల గుక్కపట్టి ఏడ్చినట్టే ఏడుస్తుంది. మా నాన్నకు ఆ ఏడుపంటే మంట. అది ఏడ్చిందంటే దెబ్బ తప్పిందని అర్థం. తప్పిన దెబ్బలన్నీ ఇంటికి వచ్చాక మా అమ్మకో, నాకో, తమ్ముడికో తగిలేవి. అందుకని చిన్నప్పుడు కుందేలు ఒక్క దెబ్బకే చావాలని గట్టిగా కోరుకునేదాన్ని. దాని మీద జాలితో కాదు, మా వీపుల మీద భయంతో.

మాది జనగామ దిక్కు. నాన్నకు పట్నం అంచున నాచారంలో ఫ్యాక్టరీ పని దొరికితే ఇక్కడికి వచ్చాం. అప్పట్లో ఫ్యాక్టరీ గోడలు దాటగానే చర్లపల్లి వైపు అంతా బండలు, సర్కారు తుమ్మ, నడుము లోతు గడ్డి. ఆదివారం పొద్దున్నే నాన్న గుత్ప తీసుకునేవాడు. చివర లావుగా ఉండే పొట్టి కట్టె అది. మమ్మల్నిద్దర్నీ వెంటేసుకుని బయలుదేరేవాడు. కట్టె ఆయనది, కళ్లు నావి. తమ్ముడు సంచి మోసేవాడు.

ఆ కళ్లే కిందటేడు ఒక ఆదివారం నా తమ్ముణ్ణి పాతికమంది కాళ్ల కింద పడేశాయి. అదీ నేను చెప్పబోయేది.

కుందేలును చూడాలంటే దానికోసం వెతకకూడదు. వెతికేవాడికి గడ్డీ రాళ్లే కనిపిస్తాయి. పగలంతా అది ఎక్కడికీ పోదు. బొరియ తవ్వుకోవడం దానికి రాదు. గడ్డి మొదట్లో తన ఒంటికి సరిపోయేంత చిన్న గుంట చేసుకుని, చెవులు వీపుకు అతికించుకుని, కళ్లు తెరిచే పడుకుంటుంది. ఆ గుంటను మేం పడక అనేవాళ్లం. చుట్టుపక్కల పెంటికలు ఉంటాయి, మేకవాటి కంటే చపటగా, నలిపితే గడ్డిపొడి రాలుతుంది. తడి మట్టి ఉంటే అడుగులు పడతాయి, వెనక కాళ్ల గుర్తులు ముందు, ముందు కాళ్లవి వెనక. అవన్నీ కుందేలు ఉన్న చోటు చెబుతాయి గానీ కుందేలును చూపించవు. దాన్ని పట్టిచ్చేది కన్ను ఒక్కటే. ఎండు గడ్డిలో గుండ్రంగా, తడిగా మెరిసేది మరొకటి ఉండదు.

చూశాక ఆగకూడదు. మన అడుగు సాగుతున్నంతసేపు అది కదలదు, మనం దారినపోయేవాళ్లమనుకుంటుంది. ఆగితే, చూపుకు చూపు తగిలితే, లేచిపోతుంది. వేలు పెట్టి చూపించకూడదు. పేరు ఎత్తకూడదు. మా ఇంట్లో దాన్ని చుట్టం అనేవాళ్లు. "సుట్టం పండుకున్నడు, నీ ఎడమకు, పది అడుగులు" అని నేను అన్నం ఉడికింది అన్నంత మామూలుగా చెబుతూ నడిచేదాన్ని. దాని చుట్టూ తిరుగుతూ దారిని కొంచెం కొంచెం దగ్గరికి లాగేదాన్ని. అది నన్నే చూస్తూ ఉండేది. నాన్న వెనక నుంచి వచ్చి కొట్టేవాడు.

ఒకసారి నేను ఆగాను. పడకలో ఉన్నది మరీ చిన్నది. దాని కంట్లోకి చూశాను, అది లేచిపోయింది. నాన్న ఆ కట్టెతోనే నా పిక్క మీద ఒక్కటి వేశాడు. నాలుగు రోజులు బడికి కుంటుకుంటూ పోయాను. మళ్లీ ఎప్పుడూ ఆగలేదు.

తమ్ముడికి మాత్రం చూపు రాలేదు. కంటి జబ్బు ఏమీ లేదు, ఆకాశంలో గద్దను నాకంటే ముందు చూసేవాడు. గడ్డిలో కుందేలు మాత్రం వాడికి దొరకదు. నాన్నకు ఇది అవమానంగా ఉండేది. వాణ్ణి పడకకు ఐదడుగుల దూరంలో నిలబెట్టి, "యాడున్నదో జెప్పు" అనేవాడు. తప్పు చెబితే తల మీద దెబ్బ. వాడి తల మీద రెండు మచ్చలున్నాయి. మూడోది పడకుండా నేను సైగ కనిపెట్టాను. కుందేలు ఏ వైపు ఉంటే ఆ వైపు చేత్తో ముక్కు తుడుచుకునేదాన్ని, ఎన్ని అడుగులో అన్నిసార్లు ఎగపీల్చేదాన్ని. నాకు ఏడాది పొడుగునా జలుబేనని అమ్మ మిరియాల కషాయం తాగించేది. తమ్ముడు సరిగ్గా చెప్పడం మొదలుపెట్టాక నాన్న మీసం తిప్పాడు, కొడుక్కి చూపు వచ్చిందని. వాడి తరఫున చూడటం నాకు అలా అలవాటైంది.

నాన్న పోయాక వేట ఆగింది. నేను నాచారంలోనే మందుల కంపెనీలో చేరాను. ఇంజెక్షన్ సీసాల్లో నలుసులు ఉన్నాయేమో చూసే పని. లైటు ముందు, ఒకసారి నల్ల పలక మీద, ఒకసారి తెల్ల పలక మీద, సీసాను తిప్పి చూడాలి. పద్దెనిమిదేళ్లు చూశాను. ఆ జీతంతోనే నా కూతుర్ని కాలేజీ దాకా చదివించాను. కొత్తగా వచ్చిన పిల్లలు పది సీసాలు చూసేలోపు నేను ఇరవై చూసి పక్కన పెట్టేదాన్ని. నేను పాస్ చేసిన సీసాను మళ్లీ ఎవరూ ఎత్తి చూసేవాళ్లు కాదు.

తమ్ముడు ఉప్పల్ నుంచి రామంతాపూర్‌కు షేర్ ఆటో నడుపుతాడు. నడిపేవాడు అనాలి. పెళ్లయి పిల్లలు పుట్టాక వాడికి మళ్లీ వేట మీద మనసు పుట్టింది. ఆదివారం పొద్దున్నే ఆటో తెచ్చి మా గుమ్మం ముందు పెట్టి, "అక్కా, జర నడుద్దాం పా" అనేవాడు. వాడు కట్టె పట్టినా నేను లేకుండా ఏమీ చేయలేడు. మేడిపల్లి అవతలకూ, మూసీ వైపు ఖాళీ ప్లాట్లలోకీ పోయేవాళ్లం. నాకు ఇష్టం లేకుండా పోయానని చెబితే అది అబద్ధం. గడ్డిలో కన్ను దొరికిన ఆ ఒక్క క్షణం కోసం నేను వారమంతా ఎదురుచూసేదాన్ని. ఆ తర్వాత జరిగేదాన్ని చూడకుండా ముందుకు నడిచిపోయేదాన్ని.

ఈలోగా కుందేళ్లను చంపారని ఎక్కడో ఇద్దర్ని పట్టుకెళ్లి జైల్లో పెట్టినట్టు టీవీలో వచ్చింది. అడవి కుందేలును చంపితే చట్టం ప్రకారం నేరం, ఇళ్లలో పెంచుకునేదాన్ని చంపితే కాదు. నేను తమ్ముణ్ణి కూర్చోబెట్టి పాఠం చెప్పాను.

"ఎవడన్న పట్టుకుంటే సాదుకునే కుందేలు సార్, సంతల కొన్న అను. ఇంకో మాట మాట్లాడకు. నువ్వు పట్టిన కుందేలుకు మూడే కాళ్లు, సమజైందా?"

"సమజైంది."

"యాది పెట్టుకో. నీకేమన్నైతే పిల్లల్ని సాదుడు నాతోని కాదు."

ఆ తర్వాత నాకే భయం పట్టుకుని, ఇక వేటకు పోనని వాడి చేత నా తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నాను. రెండేళ్లు వాడు మాట నిలబెట్టుకున్నాడు. ఒట్టు తీసి గట్టు మీద పెట్టింది వాడు కాదు, నేను.

కిందటేడు కంపెనీలో కళ్ల పరీక్ష చేశారు. ఏటా చేస్తారు, ఏటా నేను నవ్వుకుంటూ పోయి నవ్వుకుంటూ వచ్చేదాన్ని. ఈసారి కింది వరుస అక్షరాలు అలుక్కుపోయాయి. అద్దాలు రాశారు. వారం తిరక్కుండా నన్ను లైటు ముందు నుంచి లేపి, అట్టపెట్టెలకు టేపు అతికించే చోట కూర్చోబెట్టారు. జీతం ఏమీ తగ్గలేదు. అయినా ఆ రోజు నా చోటులో కూర్చున్న పిల్లను చూస్తే చెంప పగలగొట్టాలనిపించింది. పాపం, ఆ పిల్ల ఏం చేసింది? నాకు ఎవర్నో ఒకర్ని కొట్టాలి, అంతే. తమ్ముడు ఇంటికొచ్చి అద్దాలు చూసి, "అయిపాయె, ముసల్దానివైనవ్ అక్కా" అని ఇకిలించాడు. వాడి నవ్వు నాకు మేకులా దిగింది.

షుగరు కూడా ఉందని డాక్టరు నడవమన్నాడు. ఒక శనివారం సెలవు పెట్టి, పొద్దున ఉప్పల్ దాకా ఆటోలో పోయి, మూసీ వైపు ప్లాట్లలో నడుస్తున్నాను. రోడ్లు వేశారు గానీ ఇళ్లు ఇంకా లేవలేదు. ఎర్ర రంగుతో నంబర్లు రాసిన హద్దురాళ్లు, వాటి మధ్య గడ్డి. ఒక చివర కొత్త అపార్ట్‌మెంటు, అక్కడి జనం బూట్లు వేసుకుని చేతులూపుతూ నడుస్తుంటారు. చెమటకు అద్దాలు జారుతుంటే తీసి కొంగుకు తుడుస్తున్నాను. అప్పుడు కనిపించింది. పెద్ద బండ మొదట్లో, గడ్డిలో, కన్ను.

నేను ఆగలేదు. ఒళ్లంతా ఝల్లుమంది, అయినా అడుగు తప్పలేదు. నడుస్తూనే మిగతాది చూశాను. వీపుకు అతుక్కున్న చెవులు, ఎడమ చెవి కొస చీలి ఉంది, మెడ వెనక నలుపు. అద్దాలు నా చేతిలోనే ఉన్నాయి. వందమంది ఆ బండ పక్కనుంచి రోజూ నడుస్తున్నారు, ఒక్కడికీ తెలియదు, నాకు తెలుసు. ఇంటికి వచ్చేదాకా నాలో నేనే నవ్వుకున్నాను. పిచ్చిదాననుకుని ఆటోలో పక్కనున్నామె జరిగి కూర్చుంది.

ఇంత సంతోషం ఎవరికి చెప్పుకోను? సాయంత్రం తమ్ముడికి ఫోన్ చేశాను.

"సుట్టం ఉన్నడురా."

"యాడ?"

"మూసీ దిక్కు ప్లాట్లల్ల. పెద్ద బండ మొదట్ల, పైదిక్కు. ఎడమ చెవి చీలి ఉంది."

"అద్దాలు పెట్టుకోని సూసినవా, తీసి సూసినవా?"

"తీసే సూసినరా గాడిదా. నువ్వు రెండు జతలు పెట్టుకున్నా గది నీకు కనబడది."

వాడు నవ్వాడు. నేనూ నవ్వాను. కుందేలు ఎవరూ కదిలించకపోతే ఒకే పడకకు తిరిగి తిరిగి వస్తుందని వాడికి తెలుసు. ఆ నవ్వు తర్వాత వాడు ఏం చేస్తాడో నాకు తెలుసు. పోవద్దని ఒక్క మాట అంటే సరిపోయేది, అనలేదు. నా చూపు నిజమో కాదో వాడు పోయి చూసి రావాలని నాకు లోపల ఉంది.

మర్నాడు ఆదివారం ఏడున్నరకు ఫోన్ మోగింది. ఉప్పల్ స్టాండులో తమ్ముడితో పాటు ఆటో నడిపే పిల్లాడు.

"అక్కా, జల్ది రా. అన్నను కట్టేసి కొడుతున్రు. మూసీ కాడ ప్లాట్లల్ల. సంపేటట్టున్నరు."

నేను పోయేసరికి జరిగింది ఇది. తమ్ముడు బండ దగ్గరికి పోయాడు. చెప్పిన చోటే ఉంది కాబట్టి వాడికి కూడా కనిపించింది. మొదటి దెబ్బ నడుము మీద పడింది. కుందేలు అరిచింది. ఆ అరుపు విని నడిచేవాళ్లు ఎవరో పసిబిడ్డను పారేశారనుకుని పరిగెత్తుకొచ్చారు. వచ్చేసరికి వీడు రెండో దెబ్బ వేసి దాన్ని సిమెంటు సంచిలో పెడుతున్నాడు. అక్కడితో అయితే నాలుగు తిట్లతో పోయేది. కానీ ఆ అపార్ట్‌మెంటులో ఒక పాప పెంచుకునే గోధుమరంగు కుందేలు రెండు రోజులుగా కనిపించడం లేదు. పాప అన్నం మానేసింది, దాని ఫొటో అందరి ఫోన్లలో తిరుగుతోంది. అడవి కుందేలు అనేది ఒకటి ఉంటుందని, అది రోజూ వాళ్ల కాళ్ల పక్కనే పడుకుంటుందని వాళ్లలో ఒక్కరికీ తెలియదు. ఎక్కడిదిరా ఇది అని అడిగారు. నా తమ్ముడు నేను నేర్పిన మాట నేర్పినట్టే అప్పజెప్పాడు.

"సాదుకునే కుందేలు సార్. సంతల కొన్న."

ఇక అంతే. దొంగ దొరికాడు.

నేను ఆటో దిగి పరిగెత్తేసరికి వాణ్ణి కరెంటు స్తంభానికి ఎవరిదో చున్నీతో ఛాతీ దగ్గర కట్టేశారు, చేతులు మాత్రం బయటే ఉన్నాయి. పైజేబు చిరిగి వేలాడుతోంది. కుడి చెవి లోంచి రక్తం మెడ దాకా కారి ఎండిపోయింది. పైపెదవి చీలిపోయింది. ఒకాయన బూటు కాలితో మోకాలి చిప్ప మీద తన్నుతున్నాడు, తన్నిన ప్రతిసారీ ఊపిరి పీల్చుకోవడానికి ఆగుతున్నాడు, నడకకు వచ్చిన మనిషి కదా. ఒక కుర్రాడు క్రికెట్ వికెట్టు తెచ్చి దాంతో పక్కటెముకల్లో పొడుస్తున్నాడు. ఇంకొకడు స్కూటర్ దిగకుండానే ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు, వాడి హ్యాండిల్‌కు చికెన్ కవరు వేలాడుతోంది. ఆ కవరులోని కోడి కోసం ఏ పాప అన్నం మానేసిందో మరి.

నేను ఎవర్నీ బతిమాలలేదు. బతిమాలడం నాకు రాదు. వికెట్టు పట్టుకున్నవాడి చెంప మీద ఎడాపెడా రెండు వేశాను. వాడు బిత్తరపోయి నన్ను తోశాడు. వెనక్కి పడి లేచి మళ్లీ వెళ్లాను. ఈసారి ఇద్దరు నా జబ్బలు పట్టుకున్నారు. పాప తండ్రి అనుకుంటాను, నా మొహం మీదకు వచ్చాడు.

"ఎవరమ్మా నువ్వు? మా పాప రెండు రోజుల్నుంచి అన్నం తినట్లేదు తెలుసా? వీడు దాన్ని కొట్టి చంపేశాడు!"

"నా తమ్ముడు సార్. గది మీది గాదు. కొన్నదే. నేనే పైసలిచ్చిన, సంతల కొన్నడు."

నా నోటితో నేనే అన్నాను. జైలు ఒక్కటే నా కళ్ల ముందు కనిపిస్తోంది, చర్లపల్లి జైలు గోడ మా బంధువుల ఇంటికి పోయే దారిలోనే ఉంటుంది. దాని బదులు నాలుగు దెబ్బలు తిననీ అనుకున్నాను. ఆ మాట వాళ్లను మరింత రెచ్చగొట్టింది. "అక్కా తమ్ముళ్లు ఇద్దరూ దొంగలే" అని ఒకామె అరిచింది. "కొన్నావా? ఏ సంత? ఎప్పుడు?" అంటూ సెక్యూరిటీ అతను లాఠీ ఎత్తాడు. తమ్ముడు మొహానికి కుడి చెయ్యి అడ్డం పెట్టాడు. టక్కుమని ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. ఆ మణికట్టు ఇప్పటికీ తిరగదు. ఆటో హ్యాండిల్ ఆ చేత్తోనే తిప్పాలి, అందుకే ఆటో పోయింది.

తమ్ముడు అరవలేదు. నావైపు చూసి ఆ మాటే మళ్లీ అన్నాడు. "సాదుకునేదే సార్." పళ్ల మధ్య నుంచి రక్తపు బుడగ వచ్చింది. ఎవడో హద్దురాయి పక్కనుంచి ఇటుక తీశాడు. తల ఎత్తున ఎత్తాడు. తమ్ముడు ఆ మాట అంటున్నంతసేపు వీళ్లు ఆపరని, నేను చెప్పేదాకా వాడు ఆ మాట ఆపడని నాకు అప్పుడు అర్థమైంది.

పట్టుకున్నవాడి చెయ్యి కొరికి విడిపించుకున్నాను. సిమెంటు సంచి కుమ్మరించాను. కుందేలు దొర్లి మట్టిలో పడింది. వెనక కాళ్లు పట్టుకుని పైకెత్తి, ఇటుక ఎత్తినవాడి మొహం ముందు పెట్టాను.

"ఆగు! కండ్లున్నయా నీకు? ఇది సాదుకున్నది గాదు. అడివిది. ఇటు సూడు, మెడ మీద నలుపు సూడు. మీ ఇంట్ల దానికి ఉన్నదా గీ నలుపు? ఉంటే సెప్పు!"

వాడు ఇటుక దించలేదు, కొట్టనూ లేదు. నేను ఊపిరి తీసుకోకుండా చెప్పుకుపోయాను. చెవులు ముందుకు లాగి చూపించాను, ముక్కు దాటి పోతాయి. వెనక కాళ్లు చాచి చూపించాను. తోక పైన నల్లగా ఉంటుందని చూపించాను. "దీన్ని పంజరంల పెడితే తల బాదుకోని సస్తది, ఎవడు సాదుతడు?" అన్నాను. పాప తండ్రి తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. వేటకు పోయినప్పుడల్లా తమ్ముడు చొక్కా కింద మొలలో దోపుకునే కత్తి లాగాను. జనం వెనక్కి జరిగారు. కుందేలు తొడ నిలువునా చీల్చాను.

"సాదుకున్న దాని మాంసం కోడి లెక్క తెల్లగుంటది. ఇది సూడున్రి. ఎట్లున్నదో సూడున్రి!"

ముదురు ఎరుపు. రక్తం నా మోచేతి దాకా కారింది. ఒకామె వాంతి చేసుకుంది. పాప తండ్రి మాత్రం గొణుగుతున్నాడు, "ఏమోనండీ, మాకేం తెలుస్తుంది, మాదీ ఇదే రంగు. మగది మాది, ఇంతే ఉండేది..."

మగది అన్నాడు. నేను కుందేలును వెల్లకిలా తిప్పాను. కడుపు మీద వెంట్రుకలు పక్కకు తోసి, చనుమొన దొరకబుచ్చుకుని నొక్కాను. పాలు వచ్చాయి. తెల్లగా, చిక్కగా, నా వేలి మీద రక్తంలో కలిశాయి.

"మగది పాలిస్తదా సార్?"

ఇటుక పట్టుకున్నవాడు దాన్ని కింద పడేశాడు. ఎవరో చున్నీ ముడి విప్పారు. తమ్ముడు స్తంభానికి ఆనుకుని అలాగే కిందికి జారాడు. నేను మాత్రం ఆ పాల వైపే చూస్తున్నాను. శనివారం పొద్దున నేను చెవి చీలిక చూశాను, మెడ నలుపు చూశాను, అద్దాల్లేకుండా చూశానని విర్రవీగాను. కడుపు కింద ఏముందో చూడలేదు. కుందేలు పిల్లల్ని ఒక్కోదాన్ని ఒక్కో చోట గడ్డిలో దాచి, చీకటి పడేవేళ ఒక్కసారే వచ్చి పాలిస్తుంది. ఆ చుట్టుపక్కలే ఎక్కడో అవి కళ్లు తెరుచుకుని కదలకుండా పడి ఉంటాయి, సాయంత్రం కోసం.

"అంటే అడవి జంతువా?" వీడియో తీస్తున్నవాడే అన్నాడు. "అది ఇంకా పెద్ద కేసు కదా. ఫారెస్ట్ వాళ్లకు చెప్పాలి."

తమ్ముడు నావైపు చూశాడు. వాపెక్కిన కన్ను తెరుచుకోవడం లేదు, ఒక్క కంటితోనే చూశాడు. "గిదేందక్కా," అన్నాడు మెల్లగా, "నువ్వే సెప్పినవ్ గద, ఇంకో మాట మాట్లాడకని." కోపంగా అనలేదు. నిజంగానే అర్థం కాక అడిగాడు. వాడి పెదవి కొంగుతో తుడిచాను.

పోలీసులు వచ్చారు, దవాఖానాకు తీసుకుపోయారు, చేతికి కట్టు వేయించారు. కొట్టినవాళ్ల మీద ఫిర్యాదు రాయించాను, ఒక్కొక్కడి మొహం, ఒక్కొక్కడి బూట్ల రంగు చెప్పాను. అది వేరే కేసు, నడుస్తోంది. ఆ మధ్యాహ్నమే పాప కుందేలు కింది అంతస్తు వాళ్ల బాల్కనీలో, వాషింగ్ మెషీన్ వెనక దొరికిందట. సెక్యూరిటీ అతనే తర్వాత చెప్పాడు, తల దించుకుని.

మధ్యాహ్నం మూడింటికి మమ్మల్ని అటవీశాఖ వాళ్ల దగ్గర కూర్చోబెట్టారు. అధికారి మర్యాదస్తుడు. తమ్ముడికి నీళ్లు తెప్పించాడు, కుర్చీ వేయించాడు. కుందేలు కవరులో బల్ల మీద ఉంది. అది అడవిదని ఎలా గుర్తుపట్టారమ్మా అని నన్ను అడిగాడు. పొద్దున అరిచిందంతా మళ్లీ చెప్పాను, మెడ, చెవులు, తోక, మాంసం, పాలు. ఆయన నేను చెప్పింది చెప్పినట్టు పంచనామాలో రాసుకున్నాడు. ఇంత వివరంగా చెప్పే సాక్షి మాకు దొరకడు అన్నాడు, మెచ్చుకోలుగానే. నా తమ్ముణ్ణి జైలుకు పంపే కాగితం నా మాటలతో నిండుతోందని తెలిసి కూడా చెప్పాను. పొద్దున పాతికమంది ముందు చెప్పిన నిజాన్ని ఇప్పుడు వెనక్కి ఎలా మింగుతాను?

తర్వాత ఆయన తమ్ముడి వైపు తిరిగాడు.

"ఇది అక్కడుందని నీకెలా తెలిసింది? ఎవరైనా చూపించారా?"

తమ్ముడు నావైపు చూడలేదు. కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని బల్లకేసి చూస్తున్నాడు.

"ఎవ్వరు లేరు సార్. నేనే సూసిన."

"గడ్డిలో పడుకున్న కుందేలు అంత తేలిగ్గా కనిపిస్తుందా?"

"నాకు కనబడుతది సార్. మా నాయన నేర్పిండు."

నేనే చూపించాను సార్, ఫోన్ చేసి మరీ చెప్పాను అని అనాలి, ఒక్క ముక్క. కంపెనీ గుర్తొచ్చింది. కేసున్న మనిషిని గేటు లోపలికి రానివ్వరు. మా అమ్మాయి కాలేజీ గుర్తొచ్చింది. ఇద్దరం లోపలికి పోతే వాడి పిల్లల్ని ఎవరు చూస్తారనీ అనుకున్నాను. అన్నీ నిజమైన కారణాలే. పొద్దున అంతమంది మీద పడి అరిచినదాన్ని, మనిషిని కొరికినదాన్ని, ఎవడికీ భయపడనని ఊరంతా చెప్పుకునేదాన్ని, ఆ గదిలో మాత్రం నాకు భయమేసింది. నోరు విప్పలేదు.

అధికారి కాగితాలు నా ముందుకు జరిపి, చదివి సంతకం పెట్టమన్నాడు. అద్దాలు పెట్టుకున్నాను. రెండో పేజీలో, ఎవరి సహాయమూ లేకుండా నిందితుడు తానే జంతువును చూసి, తానే చంపినట్లు రాసి ఉంది. ఆ మాట రెండుసార్లు చదివాను. దాని కింద నా సంతకం పెట్టాను.